తాడు పట్టినవాడు

దాలమ్మను చంపింది ఆమె తమ్ముడు తవిటయ్య. అది తేలిపోయిన సంగతి, మళ్ళీ తేల్చడానికేమీ లేదు. పెళ్ళాం పోయిన ఈ రెండేళ్ళలో పోలరాజు ఆ మాట అగ్రికోలో తన క్వార్టరు గుమ్మం దగ్గర అన్నాడు, గేటు బయట టీ బడ్డీ దగ్గర అన్నాడు, టాటానగర్ స్టేషన్లో ఊరికి పోయే బండెక్కేవాళ్ళ చేత కబురుగా పంపాడు. అంతమందికి తాను చెప్పినదాన్ని ఆ తవిటయ్య నోటితోనే చెప్పించాలని ఇవాళ, శ్రావణ సోమవారం పొద్దున్నే, దల్మా కొండెక్కాడు. బోల్ బమ్ అంటూ శివుడి గుహకు పోయే జనాన్ని వాళ్ళ దారిన వదిలేసి, సాల్ చెట్ల మధ్య నుంచి, ఏనుగుల పేడ దాటుకుంటూ, ఎవరూ రాని ఈ బండ దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు తాడు అతని చేతుల్లో ఉంది. అంగుళం మందం మనీలా తాడు. సాల్ చెట్టు మొదలుకు రెండు చుట్లు తిప్పి, నడుం వెనక నుంచి తెచ్చి, రెండు పిడికిళ్ళతో బిగించాడు. రెండో కొస బండ అంచు దాటి కిందికి పోయింది. ఆ కొసన, నడుముకూ తొడలకూ వేసిన ముళ్ళతో, తవిటయ్య ఉన్నాడు, తల కిందికి.

కట్టించుకున్నది వాడే. ఇందులో తోసింది లేదు, మోసం లేదు. "నన్నేటి సెయ్యమంతావో సెప్పు బావా, సేత్తాను. ఆ మాట ఒక్కటీ ఆపు" అని మొన్న కార్ఖానాలో తమ షాపు వెనక నిలబడి అడిగాడు. రెండేళ్ళుగా అడుగుతూనే ఉన్నాడు. తెలుగువాళ్ళెవరూ వాణ్ణి గుమ్మం దాటనివ్వడం లేదు. ఊళ్ళో కన్నతల్లి తవిటమ్మ, వాడు పట్టుకెళ్ళిన చీరను చేత్తో ముట్టకుండా కర్రతో నెట్టి వీధిలో పడేసిందట. ముగ్గురు పోయాక పుడితే, వీడైనా దక్కాలని చేటెడు తవుడికి పక్కింటామెకు అమ్మి, మళ్ళీ తవుడిచ్చి కొనుక్కున్న కొడుకు. చీర సంగతి విన్నరోజు పోలరాజుకు కడుపులో చల్లగా అనిపించింది. మొన్న వాడు అడిగితే అన్నాడు, దల్మా ఎక్కు, ఆ జపానోడు ఇగరాషీ చెప్పినట్టు తల కిందికి వేలాడు, వేలాడి నిజం చెప్పు, అప్పుడు నమ్ముతాను అని. తవిటయ్య నవ్వాడు. ముందు పన్ను లేని నోరు. రెంచీ జారి తగిలిందని అందరికీ చెప్పుకుంటాడు. "కట్టు బావా. నీ ముడి ఇప్పటిదాకా ఎప్పుడన్నా జారిందా ఏటి?" అన్నాడు. జారలేదు. ఇరవై ఏళ్ళుగా ఒకే గ్యాంగులో ఇద్దరూ ఖలాసీలు, బరువులు ఎత్తడం, దించడం తప్ప వేరే పని తెలియని చేతులు. హాబీస్ అంటే ఎత్తు. ఆరియా అంటే దించు. సైగ ఇచ్చేవాడు ఒక్కడే ఉంటాడు. మిగతా ప్రపంచం ఎంత అరిచినా ఖలాసీ కళ్ళు ఆ ఒక్కడి చేతి మీదే ఉండాలి. తవిటయ్యకు ఆ పాఠం చెప్పింది పోలరాజే. ఆ పాఠంలో ఇంకో ముక్క ఉంది. అది ఇప్పుడు అక్కర్లేదు.

బండ తడిగా ఉంది. రాత్రి వాన తాలూకు నీళ్ళు నాచు మీంచి జారుతున్నాయి. తవిటయ్య అరికాళ్ళు రెండూ అంచు దగ్గర కనబడుతున్నాయి, తెల్లగా, నానిన అట్టల్లా. వాటి అవతల ఏమీ లేదు. ఏమీ లేనిదాని అడుగున, మంచు చీలినచోట, సువర్ణరేఖ ఒక గీత, కార్ఖానా గొట్టాలు, పొగ. అచ్చం ఇలాగే గీశాడు ఇగరాషీ, ఇనుప రేకు మీద సుద్దముక్కతో. కొత్త క్రేన్ నిలబెట్టడానికి డెబ్బై ఎనిమిదిలో జపాన్ నుంచి వచ్చి ఎనిమిది నెలలున్నాడు. పొట్టి మనిషి, దిగగొట్టిన మేకులా గట్టిగా ఉండేవాడు. హిందీ ముక్కలు పది, ఇంగ్లీషు ముక్కలు ఇరవై, మిగతాదంతా బొమ్మలు. ఏడాదికోసారి సెలవు పెట్టి తన ఊరివైపు కొండల్లోకి పోయి సన్యాసుల్లో కలుస్తాడట. ఫోటో చూపించాడు. తెల్లబట్టలు, నుదుటి మీద నల్లటి చిన్న టోపీ, చేతిలో శంఖం, మనవైపు జంగందేవర పట్టుకున్నట్టే. ఆ తెల్లబట్టలేమిటని అడిగితే, "ముర్దా కా కపడా" అన్నాడు. శవానికి కట్టే బట్టలు. అవి కట్టుకుని కొండలోకి పోయినవాడు చచ్చిపోయినట్టే లెక్క, దిగేటప్పుడు పుడతాడు. పంతొమ్మిదో ఏట ఇంకా దూరాన ఉన్న ఒక కొండ మీద వాణ్ణి చంకల కింద తాడేసి, కాళ్ళు పట్టుకుని, లోయలోకి తల కిందికి దింపి, ముసలి సన్యాసులు పైనుంచి అరిచారట, అమ్మానాన్నలను చూసుకుంటున్నావా, పని ఎగ్గొట్టకుండా చేస్తున్నావా, చేసిన తప్పు చెప్పు అని. వాడు నాన్నను కొట్టానని అరిచాడట. "పహాడ్ పూఛేగా తో ఝూట్ నహీ ఆతా" అన్నాడు, కొండే అడిగితే అబద్ధం రాదని. పడిపోతే అని తవిటయ్య అడిగితే భుజాలెగరేశాడు. ఇంకో మాట కూడా అన్నాడు, వేలు చూపించి మరీ, "పహలే లటకో, ఫిర్ పకడో." ముందు వేలాడినవాడే తర్వాత తాడు పట్టాలి. ఆ మాట పోలరాజు విన్నాడు. కొండెక్కేటప్పుడు దాన్ని కిందే వదిలేసి వచ్చాడు.

"సెప్పరా తవిటిగా. మీ అప్పని, దాలమ్మని, ఎవుడు సంపేడు?"

కింద నుంచి గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది. "ఎజ్జోణ్ణి నానే తెచ్చేను బావా. కుంపటి నానే ఎట్టేను. ఆ పాపం నాదే. కాదన్లేదు."

"సంపింది ఎవుడంతన్నాను."

పోలరాజు పిడికిలి సడలించాడు. ఆరియా. తాడు చెట్టు బెరడును గీరుకుంటూ మూరెడు జారింది. కింద బట్ట చిరిగిన చప్పుడు, తర్వాత చర్మం, తర్వాత ఒక అరుపు. చెట్ల మీంచి చిలకలు లేచిపోయాయి. గుహవైపు నుంచి శంఖం మోగింది, ఇక్కడేం జరుగుతోందో దానికి తెలియనట్టు. పోలరాజుకు బాగుంది. అరుపు బాగుంది. గుహ ముందు జనం కొడుతున్న కొబ్బరికాయలా ఆ తల, కింది రాళ్ళ మీద ఎలా పగులుతుందో మనసులో చూశాడు, ఒకసారి కాదు, మూడు నాలుగుసార్లు చూశాడు. డెబ్బై ఒకటిలో తమ గ్యాంగువాడు బలరామ్ మీద గర్డర్ పడినప్పుడు కడిగినా కడిగినా నేల ఎర్రగానే ఉంది. ఈ రాళ్ళను కడగక్కర్లేదు, వాన చూసుకుంటుంది. రెండేళ్ళుగా ఒంటరిగా వండుకున్న అన్నం, ఒంటరిగా ఉతుక్కున్న బట్టలు, ఎవరూ లేని మంచం, అన్నీ ఈ పిడికిళ్ళలోకి దిగి వచ్చాయి.

దాలమ్మ ఉంటే నవ్వేది. ఇగరాషీ కబుర్లన్నీ సాయంత్రం ఆమెకు చెప్పేవాడు, ఆమె రొట్టెలు కాలుస్తూ వినేది. కొండ కింద గుడిలో తొమ్మిదిరోజుల దీక్షట, గదిలో అందరినీ కూర్చోబెట్టి, తలుపులు మూసి, నిప్పుల్లో మిరపకాయలూ తవుడూ పోస్తారట, నరకం అంటే అదేనట, ఏడ్చుకుంటూ బయటపడితే కొత్తగా పుట్టినట్టుంటుందట అని చెప్పిన రోజు ఆమె అట్లకాడ పైకెత్తి, "మిరపకాయ పొగకి అంత దూరం ఎల్లాలేటి మావా? నా పోపుకాడ నిలబడమను, రోజుకి రెండుసార్లు పుడతాడు" అంది. తవిటయ్య అక్కడే కూర్చుని పగలబడి నవ్వాడు. అప్పుడు వాడికి పళ్ళన్నీ ఉన్నాయి. ఇంకో కబురు చెప్పినప్పుడు మాత్రం ఆమె నవ్వలేదు. ఆ కొండల్లో వెనకటి సన్యాసులు కొందరు గింజలు మానేసి, బెరడు తిని, ఒళ్ళంతా ఎండగట్టుకుని, బతికుండగానే గోతిలో కూర్చునేవారట. పైకి ఒక వెదురు గొట్టం, చేతిలో గంట. గంట మోగినన్నాళ్ళూ పైవాళ్ళకు తెలుస్తుంది లోపల ప్రాణముందని. గంట ఆగాక గొట్టం తీసేసి మట్టి కప్పేస్తారట. "పైన కూకున్నోళ్ళు ఎలా ఇన్నారు మావా, అన్నాళ్ళు, ఆ గంట?" అని అడిగింది దాలమ్మ. ఆ రాత్రి ఆమె సరిగా అన్నం తినలేదు.

డెబ్బై తొమ్మిది శ్రావణంలో ఆమెకు జ్వరం వచ్చింది. దగ్గు. డాక్టరు గుండెల్లో నిమ్ము చేరిందని సూది వేసి, తెల్లారి తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చమన్నాడు. తెల్లారేదాకా ఉంటే సరిపోయేది. సాయంత్రానికి జ్వరం నెత్తికెక్కి, ఎప్పుడో చచ్చిపోయిన మేనత్త గొంతుతో మాట్లాడింది. తవిటయ్య హడలిపోయాడు. సైకిలేసుకుని జుగ్సలాయి గోదాముల సందులోకి పోయి, దయ్యాలను దించే ఎజ్జోడు నీలకంఠాన్ని వెనక కూర్చోబెట్టుకుని తెచ్చాడు. తెచ్చింది ఎవడు? తవిటయ్య. కుంపటి రాజేసింది ఎవడు? తవిటయ్య. మిరపకాయలు, తవుడు ఇంట్లోంచి తీసి ఇచ్చింది ఎవడు? వాడే. పోలరాజు ఈ దారిలో రెండేళ్ళుగా రోజూ నడుస్తున్నాడు. సైకిలు, కుంపటి, మిరపకాయలు, తవుడు. అక్కడితో దారి ఆగిపోతుంది. అక్కడ ఒక తలుపుంది. తలుపు దగ్గరికి రాగానే వెనక్కి తిరిగి మళ్ళీ సైకిలు దగ్గర మొదలుపెడతాడు.

"సంపింది ఎవుడు?" అని మళ్ళీ అరిచాడు. ఇంకో మూరెడు వదిలాడు. అరికాళ్ళు అంచు దిగిపోయాయి. ఇప్పుడు తాడు తప్ప ఏమీ కనబడటం లేదు. తాడు వణుకుతోంది. సోనారి వైపు నుంచి చిన్న విమానం ఒకటి లేచి, తమకంటే దిగువన, మంచు మీద ఈగలా పోయింది. ఇంకొక్కసారి పిడికిలి తెరిస్తే చాలు. కాలు జారిందంటాడు. వానాకాలం, నాచు, ఎవడు కాదంటాడు. అక్కను చంపినవాణ్ణి కొండ మింగేసిందంటారు. పోలరాజు ఎడమచేతి వేళ్ళు ఒక్కొక్కటే లేపాడు. తాడు బరువుకు కుడి అరచేతి చర్మం ఊడి వచ్చింది. నెత్తురు తాడు పోగుల్లోకి ఇంకింది.

"ఆపు!" అని అరిచాడు తవిటయ్య. ఏడుపు కాదు, బతిమాలడం కాదు, షాపులో అరిచే అరుపు. "ఆపు బావా! ఆపమంతే ఎవుడన్నా ఆపాల! నువ్వే నేర్పేవు!"

పోలరాజు చేతులు ఆగిపోయాయి. అతను ఆపలేదు. అవే ఆగాయి. పాఠంలో ఇంకో ముక్క అదే. ఎత్తమని ఒక్కడే చెప్పాలి, దించమని ఒక్కడే చెప్పాలి, ఆపమని మాత్రం ఎవడైనా చెప్పొచ్చు. ఊడ్చేవాడు చెప్పినా, దారిన పోయేవాడు చెప్పినా, ఆపు అన్న మాట వినబడితే ఖలాసీ ఆపాల్సిందే. ఇరవై ఏళ్ళుగా ఈ చేతులకు ఆ మాట మనసు కంటే ముందు వినబడుతుంది. మరి ఆ రోజు ఎందుకు వినబడలేదు? తలుపు వచ్చేసింది. ఈసారి సైకిలు దగ్గరికి పోవడానికి వెనక దారి లేదు, వెనక చెట్టు, ముందు తాడు. నీలకంఠం దాలమ్మ ఉన్న గదిలో మిరపకాయల పొగ వేసి, దగ్గుకుంటూ బయటికొచ్చి, నేను చెప్పేదాకా తియ్యొద్దన్నాడు. గడియ పోలరాజే వేశాడు. వేసి, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. ఇగరాషీ బతికి రాలేదా, కొత్తగా పుట్టి రాలేదా అనుకున్నాడు. లోపలినుంచి తట్టింది. "మావా, తలుపు తియ్యి. మావా, ఊపిరాడతంలేదు." నీలకంఠం అరచెయ్యి పైకెత్తి అడ్డంగా ఆడించాడు, అది నీ పెళ్ళాం కాదు, దాన్ని పట్టిందే కొట్టుకుంతంది అన్నాడు. పోలరాజు ఆ ఒక్క చేతినే చూశాడు. సైగ ఇచ్చేవాడు ఒక్కడే. "బావా, తీసీ. అది అప్పే. అప్ప గొంతే బావా" అంటూ తవిటయ్య గడియ మీద పడ్డాడు. పోలరాజు మోచేత్తో వాడి మూతి పగలగొట్టాడు. పన్ను నేలమీద పడి గుండ్రంగా తిరగడం చూశాడు. రెంచీ కాదు. ఏ రెంచీ కాదు. వాడు లేచి మళ్ళీ వచ్చాడు, మళ్ళీ కొట్టాడు, ఈసారి పొట్టలో. వీపు వెనక చప్పుడు ముందు భుజాల దగ్గర ఉంది. తర్వాత నడుం దగ్గరికి దిగింది. తర్వాత మోకాళ్ళ దగ్గర. చివరికి మడమ దగ్గర, తలుపు అడుగున, గోటితో గీరినట్టు. తర్వాత లేదు. దిగిపోయింది అన్నాడు నీలకంఠం. దిగిపోయింది అనుకున్నాడు పోలరాజు, గుండెలనిండా ఊపిరి పీల్చుకున్నాడు కూడా. పైన కూర్చున్నవాళ్ళు ఎలా విన్నారు మావా, అని అడిగింది. ఇలాగే వింటారు. తలుపుకు వీపు ఆనించి వింటారు.

"హాబీస్" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. పాదం చెట్టు వేరుకు తన్నిపెట్టి లాగాడు. అవతల తవిటయ్య మోకాళ్ళతో, గోళ్ళతో బండను పట్టి పాకాడు. మూరెడు మూరెడు చొప్పున పైకొచ్చి, అంచు దాటి, నాచు మీద బోర్లా పడి, పసరు కక్కాడు. మొహమంతా నెత్తురు, ఒక చెవి సగం చిరిగి వేలాడుతోంది. తిడతాడనుకున్నాడు పోలరాజు. రాయి తీసుకుంటాడనుకున్నాడు. తవిటయ్య లేచి కూర్చుని, ఒక్కొక్క ముడే విప్పుకుని, తాడు కొసను చాచి పట్టుకున్నాడు.

"ముందు ఏలాడినోడే పట్టాలి. ఆ జపానోడు అన్నాడా లేదా?" అన్నాడు. "నాను ఏలాడేను. ఇప్పుడు పడతాను. రా."

పోలరాజు చేతులు పైకెత్తి నిలబడ్డాడు. తవిటయ్య తాడు వదిలేస్తాడులే అనుకున్నాడు. వదిలేస్తే బాగుండుననుకున్నాడు. అందుకే ముడి ఎలా వేశాడో చూసుకోలేదు. అంచు దాటగానే లోకం తిరగబడింది. నేల పైకప్పయింది, దాన్నుంచి కార్ఖానా గొట్టాలు వేలాడుతున్నాయి, పొగ కిందికి కారుతోంది. నది నెత్తిమీద గీత. నెత్తురంతా తలలోకి దిగి, చెవుల్లో తట్టడం మొదలైంది. టక్. టక్. లోపలినుంచి ఎవరో తడుతున్నట్టు. తెరవడానికి ఇక్కడ గడియ లేదు.

"గడియ ఎవుడేసేడు బావా?"

తాడు జారలేదు. తవిటయ్య మూరెడు కూడా వదల్లేదు. అది పోలరాజు అనుకోలేదు. దింపితే, రాళ్ళకేసి కొడితే, తిట్టుకుంటూ చచ్చేవాడు. వాడు అదే గొంతుతో మళ్ళీ అడిగాడు. మళ్ళీ అడిగాడు. చెవుల్లో తట్టడం పైనుంచి కిందికి దిగుతోంది, భుజాల దగ్గర, నడుం దగ్గర, మడమల దగ్గర.

"నాను."

"ఆపమని అప్ప అందా?"

"అంది."

"నువ్వు ఇన్నావా?"

సాల్ ఆకుల మీంచి నీళ్ళు టపటపా రాలాయి. "ఇన్నాను" అన్నాడు పోలరాజు. "అది దాలమ్మేనని తెలుసు."

తవిటయ్య పైకి లాగాడు. లాగినంతసేపూ ఏడ్చాడు. పైకొచ్చాక ముడి విప్పి, కండువాతో పోలరాజు అరచేతికి కట్టు కట్టాడు, అక్క ఉంటే కట్టినట్టు. "నాను సైకిలు తొక్కేను. నువ్వు గడియేసేవు. ఇద్దరం" అన్నాడు. "కిందకెళ్ళి ఒక్కపాలి సెప్పు బావా. అమ్మకి కబురెట్టు. సాలు." పోలరాజు తాడు చుట్ట చుట్టుకున్నాడు, మోచేతికీ బొటనవేలికీ మధ్య, చుట్ట మీద చుట్ట, నెత్తురు పోగులు లోపలికి పోయేటట్టు. ఇగరాషీ చివరి బొమ్మ గుర్తొచ్చింది. అన్ని కొండలూ అయ్యాక ఒక కొండ ఉందట, చెప్పులు విప్పి పోవాలట, అక్కడ చూసినది ఎవరికీ చెప్పకూడదు, చూసి వచ్చినవాణ్ణి ఎవరూ అడగకూడదు. "బోల్నా నహీ. పూఛ్నా నహీ" అని పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. మంచి రివాజు. పోలరాజుకు ఇప్పుడు అది చాలా అవసరమైన రివాజు. అవసరం కాబట్టే గుర్తొచ్చిందని కూడా అతనికి తెలుసు.

పెద్దదారిలో కలిసేసరికి ఎండ పడింది. గుహనుంచి దిగుతున్న జనంలో గ్యాంగు మేస్త్రీ గణపతిరావు ఎదురయ్యాడు, నుదుట విబూది, చేతిలో మారేడాకులు, ప్రసాదం. తవిటయ్య మొహం చూసి ఆగాడు. "ఏటి పోలరాజూ, అప్పని సంపినోడితో కొండెక్కేవేటి? శివుడికి బలియ్యబోతే ఆయనా వద్దన్నాడా?" అని నవ్వాడు. మేస్త్రీ పోలరాజు కట్టు ఉన్న చేతిలో ప్రసాదం పెట్టాడు. తవిటయ్య దోసిలి పట్టాడు. గణపతిరావు చెయ్యి ఆ దోసిలి మీంచి దాటి వెనక్కి పోయింది.

తవిటయ్య దోసిలి దించలేదు. పోలరాజు మొహం కేసే చూస్తున్నాడు. ఒక్క మాట చాలు. ఆపు అన్నంత చిన్న మాట. పోలరాజు ప్రసాదం నోట్లో వేసుకుని నమిలాడు, మింగాడు.

"ఆ సంగతి ఇంక నా కాడ ఎత్తకు గణపతిరావూ" అన్నాడు. "ఎవుడు సంపేడో నన్నెవుడూ అడగొద్దు. నాను సెప్పను."

తాడు చుట్ట భుజం మార్చుకుని దిగడం మొదలుపెట్టాడు. వెనక తవిటయ్య అడుగులు కొంతదూరం వినిపించాయి. తర్వాత నెమ్మదించాయి. తర్వాత ఆగిపోయాయి. పోలరాజు తిరిగి చూడలేదు. బతికినన్నాళ్ళూ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు, ఎత్తినవాళ్ళ దగ్గర నిలబడలేదు.